ఎనభై మూడో పేజీలో గోడ

లైబ్రరీ వెనకవైపు, సైకిళ్ళు పెట్టుకునే రేకుల షెడ్డు దాటాక ఒక గది ఉంది. తలుపు మీద ‘బైండింగు విభాగం’ అని రాసి ఉంటుంది. విభాగం అంటే ఒకే మనిషి. ఆమెకు యాభై ఒక్క ఏళ్ళు. ఇరవై ఏడేళ్ళుగా చిరిగిన పుస్తకాలను విప్పి, కుట్టి, అతికించి, కొత్త అట్ట వేసి అలమరాలకు తిప్పి పంపడం ఆమె పని. వేళ్ళ కొసల్లో ఎప్పుడూ ఎండిన మైదా జిగురు ఉండేది. అందుకని లైబ్రరీకి వచ్చేవాళ్ళు ఆమెకు జిగురమ్మ అని పేరు పెట్టారు. మొదట్లో వెనకాల అనుకునేవాళ్ళు, తర్వాత ఎదురుగానే పిలవడం అలవాటు చేసుకున్నారు. ఆమె కూడా పలకడం అలవాటు చేసుకుంది.

పాత జిగురు వదలడానికి తడిపి విప్పిన కాగితాలు ఆరడానికి రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులూ వాటిని తిరగేస్తూ ఉండాలి, లేకపోతే ఒకదానికొకటి అంటుకుపోతాయి. తిరగేస్తూ చదవకుండా ఉండటం ఎలాగో ఆమెకు తెలియలేదు. మొదట్లో నవలలు కూడా చదివేది. కానీ నవల రెండు రోజుల్లో అవదు. నాయిక బావిలో దూకిందో లేదో తేలకుండానే కుట్టేయాల్సి వచ్చేది. అలా ఏడెనిమిది మంది బావుల గట్టు మీద నిలబడిపోయాక నవలలు మానేసింది. సైన్సు పుస్తకాలూ, బొమ్మల గురించీ శిల్పాల గురించీ చెప్పే పుస్తకాలూ అలా ఇబ్బంది పెట్టవు. ఏ అధ్యాయానికి ఆ అధ్యాయం తెగిపోతుంది. భూకంపం ఎందుకొస్తుందో తెలుసుకోవడానికి అంతకుముందు ఎవరు ఎవర్ని ప్రేమించారో తెలియక్కర్లేదు.

చదివినదాన్ని తనలోనే ఉంచుకునే మనిషి కాదు. అలాగని కనిపించినవాళ్ళందరికీ పుస్తకం అంటగట్టేదీ కాదు. ఆమెకు ఒక పద్ధతి ఉంది. ఎదుటి మనిషి నోట ‘ఎందుకబ్బా’ అన్న మాట వచ్చేదాకా ఆగుతుంది. వచ్చిన మరునాడు పుస్తకం చెబుతుంది. కొందరి విషయంలో నాలుగేళ్ళు ఆగింది. పొగడ్తలు ఉండవు. “ఇది రెండుసార్లు ఊడి నా దగ్గరికొచ్చింది” అంటే బాగా నచ్చిందని. “మూడుసార్లు” అంటే ఇక చదవక తప్పదని.

ఫలితాలు రకరకాలుగా ఉండేవి. పక్కింటి పిన్నిగారు ఒక సాయంత్రం, పొద్దు ఇంత తొందరగా కుంకుతోంది ఎందుకబ్బా అంది. జిగురమ్మ సూర్యుడి మీద ఒక పుస్తకం తెచ్చిచ్చింది. పిన్నిగారు అందులో పొద్దు కుంకడం గురించిన భాగం వదిలేసి చివరి అధ్యాయం చదివింది. ఇంకో అయిదు వందల కోట్ల ఏళ్ళకు సూర్యుడు ఆరిపోతాడని తెలుసుకుని, ఇంటికి రంగులు వేయించే ఆలోచన మానుకుంది. పిన్నిగారి భర్త ఆ తర్వాత జిగురమ్మతో మాట్లాడలేదు.

సొంత వదిన విషయంలో మేలే జరిగింది. జిగురమ్మ అన్నయ్య లారీ డ్రైవరు, నెలలో నాలుగు రోజులు ఇంట్లో ఉంటాడు. మిగతా రోజులు వదినా ఆడపడుచూ ఇద్దరే. వదిన ముందు గదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. ఒకే కొలతకు కుట్టిన చొక్కా ఒకరికి అతికినట్టుంటుంది, ఇంకొకరికి వేలాడుతుంది, ఎందుకబ్బా అని ఒకసారి విసుక్కుంది. జిగురమ్మ బొమ్మలు నేర్చుకునేవాళ్ళ కోసం మనిషి ఒంటి గురించి రాసిన పుస్తకం ఇచ్చింది. ఎముకలెక్కడ, కండలెక్కడ, బరువు ఏ కాలి మీద పడితే నడుము ఎటు వంగుతుంది, అన్నీ బొమ్మలే. నెల తిరక్కుండా వదిన, కొలతలివ్వడానికొచ్చిన బ్యాంకు ఉద్యోగినితో, “మీ ఎడమ భుజం కుడిదానికంటే వేలెడు కిందికుందండీ” అని చెప్పింది. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయింది. రెండు వారాలకు తల్లినీ చెల్లెల్నీ వెంటబెట్టుకుని వచ్చింది. ముగ్గురికీ ఎడమ భుజం కిందికే ఉంది. వదిన ముగ్గురికీ సరిచేసి కుట్టింది. ఆ తర్వాత కత్తిరింపు కాగితాల మీద బొమ్మలు గీయడం మొదలుపెట్టింది. మొదట చేతులు, తర్వాత కత్తెర పట్టుకున్న చేతులు.

ఇలా నడుస్తుండగా ఒక ఏడాది వానలు వెనకపట్టాక, బైండింగు గది గోడ బాగుచేయడానికి తాపీమేస్త్రి వచ్చాడు.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. సన్నగా, పొడుగ్గా, సిమెంటు రంగులో ఉంటాడు. ఆ గోడకు అంతకుముందు రెండుసార్లు పూత పూసింది కూడా ఆయనే. ఈసారి పరంజా వేసుకుని, తాపీ చేత్తో పట్టుకుని చాలాసేపు గోడవంక చూస్తూ నిలబడ్డాడు.

“ఏంటి మేస్త్రిగారూ?” అంది జిగురమ్మ.

“ఏం లేదమ్మా. మొదటిసారి మోకాలెత్తున చెమ్మ ఉంటే పూశాను. రెండోసారి నడుమెత్తున ఉంటే పూశాను. ఇప్పుడు చూస్తే ఛాతీ దాకా వచ్చింది. నేను పూసేకొద్దీ పైకి పాకుతోంది. ఎందుకబ్బా?”

జిగురమ్మ చేతిలో సూది పక్కన పెట్టింది. మరునాటిదాకా కూడా ఆగలేదు. లోపలి హాల్లోకి వెళ్ళి, భౌతికశాస్త్రం అలమరా అడుగు వరసలోంచి ఒక సన్నటి పుస్తకం తీసుకొచ్చింది. నీళ్ళ గురించిన పుస్తకం అది. నీళ్ళు మట్టిలో ఎలా నడుస్తాయి, చెట్టులో ఎలా ఎక్కుతాయి, గోడలో ఎలా పాకుతాయి అని ఒక రిటైరైన ఫిజిక్సు లెక్చరరు గారు పందొమ్మిదేళ్ళ కిందట రాసి, సొంతంగా అచ్చేయించుకున్నారు. పుస్తకం వెనక అంటించిన చీటీలో పందొమ్మిదేళ్ళకుగాను రెండు ముద్రలున్నాయి. వాటిలో ఒకటి కొట్టేసి ఉంది.

“నా చదువు ఏడుతో ఆగిపోయిందమ్మా” అన్నాడు మేస్త్రి.

“ఇందులో ఏడు దాటింది కొంచెమే ఉంది. అక్కడ నన్నడగండి.”

“బాగుంటుందా?”

జిగురమ్మ అబద్ధమాడలేదు. “చదివి చదివి ఊడింది కాదండీ. చెద పట్టి నా దగ్గరికొచ్చింది. కానీ మీ గోడ ఇందులో ఉంది.”

మేస్త్రి గోడ పని అప్పటికి ఆపి, పుస్తకాన్ని సిమెంటు అంటకుండా తువ్వాల్లో చుట్టుకుని తీసుకెళ్ళాడు. పని దగ్గర మధ్యాహ్నం అన్నం తిన్నాక రోజుకు రెండు పేజీల చొప్పున చదివాడు. శనివారం సాయంత్రాలు బైండింగు గదికి వచ్చి, పెన్సిలుతో గీతలు పెట్టుకున్నచోట్ల అనుమానాలు అడిగేవాడు.

“ఈ కేశనాళిక అంటే ఏంటమ్మా?”

“వెంట్రుక అంత సన్నటి గొట్టం. ఎంత సన్నగా ఉంటే నీళ్ళు అంత పైకి ఎక్కుతాయి.”

“మరి వెంట్రుకంత సందు అని రాయొచ్చుగా?”

“రాయొచ్చు” అంది జిగురమ్మ. మేస్త్రి ఆ మాట కొట్టేసి పైన ‘వెంట్రుకంత సందు’ అని పెన్సిలుతో రాసుకున్నాడు. లైబ్రరీ పుస్తకంలో రాయకూడదని చెప్పాల్సిన మనిషి తనే. ఊరుకుంది.

అయిదు శనివారాలు అలా నడిచింది. ఆరో శనివారం మేస్త్రి రాలేదు. ఏడో శనివారమూ రాలేదు. ఎనిమిదో శనివారం లైబ్రరీ మూసేశాక జిగురమ్మ అడ్రసు కనుక్కుని ఆయన ఇంటికి వెళ్ళింది. రెండు గదుల ఇల్లు. గోడలు మాత్రం అద్దంలా నున్నగా ఉన్నాయి. మేస్త్రి భార్య వాకిట్లో బట్టలు ఆరేస్తోంది.

“ఆ పుస్తకం ఇచ్చింది నువ్వేనా అమ్మా?” అంది ఆవిడ, చేతిలో తడి చొక్కాతో.

“నేనేనండి.”

“మీ దగ్గర సినిమా పుస్తకాలేమీ ఉండవా?”

“ఉంటాయండి. మేస్త్రిగారు లేరా?”

“గోడలు చూడటానికి పోయాడు. పనుల్లేవు, పాట్లు లేవు. పొద్దున్నే లేచి, ముప్పై ఏళ్ళలో ఎవరెవరి ఇళ్ళల్లో పూత పూశాడో గుర్తుచేసుకుంటూ ఒక్కో ఇంటికి పోతున్నాడు. తలుపు కొట్టి, మీ గోడ ఒకసారి చూపిస్తారా అంటున్నాడట. ఒకచోట దొంగనుకుని కుక్కను వదిలారు.” ఆవిడ చొక్కాను దులిపి తీగ మీద వేసింది. “రాత్రి అన్నం ముందు కూర్చుని, అరవై ఒకటో పేజీ, అరవై ఒకటో పేజీ అంటాడు. అందులో ఏముంది?”

జిగురమ్మకు అందులో ఏముందో గుర్తుంది. కింది నుంచి చెమ్మ ఎక్కే గోడకు నున్నగా సిమెంటు పూత పూస్తే, లోపలి నీరు బయటికి ఆరే దారి లేక ఇంకా పైకి ఎక్కుతుంది అని ఉంది. పుస్తకం ఇచ్చేటప్పుడు ఆ పేజీ మేస్త్రికి సమాధానం అవుతుందనే అనుకుంది. సమాధానం ఆయన ముప్పై ఏళ్ళ మీద పడుతుందని అనుకోలేదు. ఆ మాట భార్యకు ఎలా చెప్పాలో తోచక, “సిమెంటు గురించి” అని చెప్పి వచ్చేసింది. ఇంటికొచ్చి వదినతో, ఇక మీదట ఎవరికీ పుస్తకాలు చెప్పనంది.

వదిన మిషను ఆపకుండానే, “చెప్పకపోతే ఆ గోడలు ఆరిపోతాయా అమ్మాయీ?” అంది. ఆడపడుచుకు యాభై ఒక్క ఏళ్ళొచ్చినా ఆవిడకు అమ్మాయే.

తొమ్మిదో శనివారం మేస్త్రి తనంతట తనే వచ్చాడు. స్టూలు మీద కూర్చుని, తువ్వాలు విప్పి పుస్తకం బల్ల మీద పెట్టాడు.

“పద్నాలుగు ఇళ్ళు చూశానమ్మా. పదకొండింట్లో చెమ్మ నేను పూసినదానికంటే పైకి పోయింది. ఒకాయన గోడకు తగిలించిన ఫొటో రెండుసార్లు పైకి జరిపాడట. ఇంకోచోట ముసలావిడ నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చి, నీ తప్పేముంది నాయనా, నీకు తెలిసింది చేశావు అంది. తిట్టినవాళ్ళ దగ్గర బాగానే ఉంది. ఆవిడ దగ్గరే తట్టుకోలేకపోయాను.”

జిగురమ్మ జిగురు గిన్నె మూత పెట్టింది, మళ్ళీ తీసింది.

“నేనివ్వకుండా ఉండాల్సింది” అంది చివరికి.

“అదేంటమ్మా?” మేస్త్రి నిజంగానే ఆశ్చర్యపోయాడు. “ఇవ్వకపోతే పదిహేనో ఇల్లు కూడా పూసేవాణ్ణి కదా? ముందు ఈ గది గోడ చూద్దాం. పూతంతా చెక్కేసి, సున్నం, ఇసుక కలిపి పూస్తా. గాలి ఆడుతుంది. లైబ్రరీ కమిటీ వాళ్ళకు నేను చెప్పుకుంటా.” అని, గొంతు తగ్గించి అన్నాడు. “ఇంకో సంగతమ్మా. ఎనభై మూడో పేజీ చూడు.”

చూసింది. సగం పేజీ బొమ్మ. ఇటుకల గోడ, కింద తడి నేల, గోడలోకి ఎక్కుతున్న నీళ్ళకు గుర్తుగా బాణాలు. ప్రతి ఇటుకలోంచీ ఒక్కో బాణం తిన్నగా పైకి పోయి, ఒకే ఎత్తున ఆగింది.

“బాగానే ఉందిగా?” అంది.

“ఇటుకకీ ఇటుకకీ మధ్య ఏముంది?”

ఆమె కళ్ళద్దాలు సరిచేసుకుని మళ్ళీ చూసింది. ఏమీ లేదు. ఇటుక మీద ఇటుక పేర్చి ఉంది, అంతే.

“మాలు లేదమ్మా. ఇటుకలను అతికించే మాలే లేదు ఈ గోడలో. మాలు లేకపోతే కింది ఇటుకలో నీళ్ళు కింది ఇటుకలోనే ఉంటాయి, పైదాన్లోకి ఎక్కవు. ఎక్కేదంతా మాలు పట్టుకునే. ముప్పై ఏళ్ళుగా గోడలు పగలగొట్టి చూస్తున్నా. ముందు తడిసేది మాలే.” మేస్త్రి గొంతులో కోపం లేదు. ఉత్సాహమూ లేదు. రోగి పేరు చదివే కాంపౌండరు గొంతు. “ఇది రాసినాయన బతికే ఉన్నారా?”

పుస్తకం మొదటి పేజీలో చిరునామా ఉంది. లైబ్రరీకి ఆరు వీధుల అవతల. ఆదివారం ఉదయం పది గంటలకు, జిగురమ్మ ఆ పుస్తకాన్ని తన కార్డు మీద రాయించుకుని, మేస్త్రిని వెంటబెట్టుకుని వెళ్ళింది.

లెక్చరరు గారికి ఎనభై దగ్గర పడుతున్నాయి. వీధిలో అందరూ మాస్టారు అంటారు. కోడలు తలుపు తీసి, మీ పుస్తకం గురించి ఎవరో వచ్చారు అని లోపలికి కేకేస్తే, “ఏ పుస్తకం?” అని వినిపించింది. ఆయన నిజంగానే అడిగారు. ముందు గదిలో కుర్చీలో కూర్చుని, జిగురమ్మ అందించిన పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుని, అట్ట తిప్పి చూసి, వాసన చూశారు.

“నా దగ్గర ఒక్కటి కూడా లేదు” అన్నారు. “అమ్ముడుపోనివన్నీ వెనక గదిలో గోడ పక్కన పెట్టాను. చెమ్మ పట్టి, చెద పట్టి పోయాయి.”

ఎవరూ నవ్వలేదు. మేస్త్రి మాత్రం, “ఏ వైపు గోడండీ?” అని అడిగాడు.

మాస్టారు పేజీలు తిప్పారు. మొహం వికసించింది. తర్వాత పెన్సిలు గీతలు కనిపించాయి. మొహం ముడుచుకుంది. “కేశనాళిక కొట్టేసిందెవరు?”

“నేనేనండి” అన్నాడు మేస్త్రి. “మీరు చెప్పింది నాకు చాలా ఉపయోగపడింది మాస్టారూ. అరవై ఒకటో పేజీ చదివి వారం రోజులు నిద్ర పట్టలేదు.”

పందొమ్మిదేళ్ళలో మాస్టారికి తన పుస్తకం మీద అందిన మొదటి అభిప్రాయం అది. ఆయన కోడలితో టీ పెట్టమన్నారు. సరిగ్గా అప్పుడు మేస్త్రి ఎనభై మూడో పేజీ తీశాడు.

“ఇది మాత్రం తప్పండీ.”

“ఏది?”

“ఈ గోడ. ఇందులో మాలు లేదు.”

మాస్టారు బొమ్మను చూశారు, మేస్త్రిని చూశారు, జిగురమ్మను చూశారు. “ఏమయ్యా, అది సూత్రం అర్థం కావడానికి వేసిన బొమ్మ. గోడ కట్టడం నేర్పడానికి కాదు.”

“బొమ్మ బాగుంది మాస్టారూ. గోడ నిలబడదు.”

“నిలబడక్కర్లేదు! కాగితం మీద గోడ అది!”

“నీళ్ళూ ఎక్కవండి” అన్నాడు మేస్త్రి వినయంగా.

టీ వచ్చేలోపలే జిగురమ్మా మేస్త్రీ బయటికొచ్చేశారు. మాస్టారు పుస్తకం తిరిగి ఇవ్వడానికి ఒక నిమిషం ఆలోచించారు. ఇది లైబ్రరీదండీ అని జిగురమ్మ అనాల్సి వచ్చింది. దారిలో మేస్త్రి, “కోపమొచ్చినట్టుంది” అన్నాడు. “వచ్చినట్టేం లేదు. వచ్చింది” అంది జిగురమ్మ.

బుధవారం మధ్యాహ్నం బైండింగు గది తలుపు దగ్గర గొడుగు చప్పుడైంది. మాస్టారు. చేతిలో కొలత టేపు, చంకలో నోటుబుక్కు. కూర్చోమన్నా కూర్చోలేదు. “మీ మేస్త్రి ఎక్కడుంటాడు? వాదన వద్దు. కట్టమను. మాలుతో ఒకటి, మాలు లేకుండా ఒకటి. నీళ్ళలో పెడదాం. ఏది నిజమో నీళ్ళే చెబుతాయి.”

అలా ఆ గదిలో, అట్టలు కత్తిరించే మిషను పక్కన, రెండు చిన్న గోడలు లేచాయి. ఒక్కొక్కటి ఆరు ఇటుకల ఎత్తు. ఒకటి మేస్త్రి మాలు పెట్టి శ్రద్ధగా కట్టి వారం రోజులు తడిపి ఆరబెట్టాడు. రెండోది మాస్టారు తన చేత్తో ఊరికే పేర్చారు. రెండింటినీ వెడల్పాటి రేకు పళ్ళెంలో నిలబెట్టి, రెండు వేళ్ళ లోతు నీళ్ళు పోశారు. మాస్టారు రోజూ నాలుగింటికి వచ్చి కొలిచేవారు. మేస్త్రి పని ముగించుకుని అయిదున్నరకు వచ్చి, టేపు లేకుండా వేలితో తాకి అదే కొలత చెప్పేవాడు. మొదటి మూడు రోజులూ మాస్టారు దాన్ని నమ్మలేదు.

లైబ్రేరియను గారు ఒకరోజు తనిఖీకి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు. కొత్తగా బదిలీ మీద వచ్చిన మనిషి, ప్రతిదానికీ రూలు చూసుకునే రకం.

“ఏమిటివి?”

“గోడలండి” అంది జిగురమ్మ.

“గదిలో గోడలెందుకు?”

“గది గోడ బాగుచేయడానికండి.”

ఆయన కొంచెంసేపు ఆలోచించి, అందులో తప్పు కనిపించక వెళ్ళిపోయారు.

మూడు వారాలకు విషయం తేలిపోయింది. మాస్టారు పేర్చిన గోడలో అడుగు ఇటుక నల్లగా నానింది, రెండోది కిందివైపు కాస్త రంగు మారింది, ఆపైన పొడి. మేస్త్రి కట్టిన గోడలో చెమ్మ అయిదో ఇటుక దాకా ఎక్కింది. మాలు వరసలు ముందు నల్లబడి, వాటి పక్కనుంచి ఇటుకలు తడిశాయి. మాస్టారు చివరి కొలత రాసుకుని, నోటుబుక్కు మూసి, స్టూలు మీద కూర్చున్నారు. ఆ గదికి వచ్చిన ఇన్ని రోజుల్లో ఆయన కూర్చోవడం అదే మొదలు.

“క్లాసులో ముప్పై నాలుగేళ్ళు ఇదే బొమ్మ గీశాను బోర్డు మీద” అన్నారు. “ఎంతమంది పిల్లలు! ఒక్కడూ అడగలేదు.”

“వాళ్ళెవరూ గోడ కట్టలేదు కదండీ” అన్నాడు మేస్త్రి.

“నేను మాత్రం కట్టానా?” మాస్టారు తల వంచుకుని ఉన్నారు. మేస్త్రి ఏం చేయాలో తెలియనట్టు చేతులు తుడుచుకుని, కాసేపటికి ఆయన పక్కన నేల మీద కూర్చున్నాడు.

“నేను ముప్పై ఏళ్ళు తప్పు పూత పూశాను మాస్టారూ. మీది బొమ్మే. నాది జనాల ఇళ్ళు.”

మాస్టారు ఆయనవంక చూశారు. ఏమనుకున్నారో గానీ, “మేస్త్రీ, మా వెనక గది గోడ ఒకసారి వచ్చి చూస్తావా?” అన్నారు. ఆ రోజుదాకా ‘ఏమయ్యా’ తప్ప ఇంకోలా పిలిచింది లేదు.

ఇక పుస్తకం సంగతి మిగిలింది. లోకంలో ఉన్నది, తెలిసినంతవరకు, ఆ ఒక్క కాపీనే. తప్పు బొమ్మతో దాన్ని అలమరాలో పెట్టడానికి ముగ్గురికీ మనసొప్పలేదు. జిగురమ్మ వదినను పిలిపించింది. వదిన బట్టల సంచీతో వచ్చి, పళ్ళెంలో గోడను ముందునుంచీ పక్కనుంచీ చూసి, చేత్తో తడిమి, స్టూలు వేసుకుని గీయడం మొదలుపెట్టింది. రెండు మధ్యాహ్నాలు పట్టింది. ఇటుకలు, మధ్యలో మాలు, చెమ్మ ఎక్కడ చిక్కగా ఉందో ఎక్కడ పలచబడిందో పెన్సిలు నీడలతో చూపించింది. పై వరసలో ఒక ఇటుక మూల కొంచెం విరిగి ఉంటే అది కూడా గీసింది.

“ఆ విరిగింది ఎందుకమ్మా?” అన్నారు మాస్టారు.

“విరిగింది కాబట్టి” అంది వదిన.

కింద రెండు వాక్యాల వివరణ మాస్టారు రాశారు. మొదట అది రెండు పేజీలు ఉంది. మేస్త్రి చదివి, అర్థం కాని మాటలన్నీ తీసేస్తే రెండు వాక్యాలు మిగిలాయి. జిగురమ్మ ఆ కాగితాన్ని మడత పెట్టి, ఎనభై మూడో పేజీ పక్కన, పాత బొమ్మ కూడా కనబడేలా, సన్నటి పట్టీతో అతికించి కుట్టింది.

లైబ్రేరియను గారి దగ్గర మాత్రం తేలిగ్గా కాలేదు. ఆయన పుస్తకం తెరిచి, మడత కాగితం విప్పి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“లైబ్రరీ పుస్తకంలో బయటి కాగితం చేర్చకూడదు. రూలుంది.”

“ఉందండి” అంది జిగురమ్మ. “చిరిగింది బాగుచేయడం నా పని అని కూడా ఉంది.”

“ఈ పేజీ చిరగలేదుగా?”

“చిరగలేదండి. తప్పింది.”

“దానికి రూలు లేదు.”

“వద్దని కూడా లేదండి.”

ఆయన పుస్తకాన్ని తన బల్ల మీదే ఉంచుకున్నారు. నాలుగు రోజులు అక్కడే ఉంది. అయిదో రోజు ఉదయం అటెండరు దాన్ని అలమరాలో పెట్టడానికి తీసుకెళ్తూ జిగురమ్మకు చూపించాడు. మడత కాగితం మీద లైబ్రరీ ముద్ర వేసి, పక్కన సంతకం ఉంది. వెనక చీటీలో లైబ్రేరియను గారి కార్డు నంబరు కూడా ఉంది. తీసుకెళ్ళి చదివారన్నమాట. ఆ సంగతి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

బైండింగు గది గోడకు సున్నం పూత అయింది. చెమ్మ తగ్గింది, పూర్తిగా పోలేదు. పోదని మేస్త్రి ముందే చెప్పాడు. ఆ పదకొండు ఇళ్ళకూ ఆయన మళ్ళీ వెళ్ళాడు. ఆరిళ్ళవాళ్ళు గోడ చెక్కనిచ్చారు. మిగతావాళ్ళు, రెండుసార్లు బాగుచేశావు చాల్లే నాయనా అన్నారు. ఫొటో పైకి జరిపిన ఇంటాయన దాన్ని ఇంకొంచెం పైకి జరిపాడు.

శనివారం సాయంత్రాలు ఇప్పుడు నలుగురయ్యారు. ఒక శనివారం మాస్టారూ మేస్త్రీ, వానకు ముందు మట్టివాసన ఎక్కణ్ణుంచి వస్తుందని పోట్లాడుకుంటుంటే, జిగురమ్మ లేచి దాని మీద పుస్తకం వెతకబోయింది. మేస్త్రి ఆపాడు.

“ఉండు చెల్లెమ్మా. ఇన్నాళ్ళూ మాకే చెబుతున్నావు. నీకేం డౌటు లేదా?”

ఆ ప్రశ్న అంతవరకు ఆమెను ఎవరూ అడగలేదు. గదిలో ఉన్నవాటినన్నిటినీ ఒకసారి చూసింది. తర్వాత, విప్పి ఆరబెట్టిన కాగితాల్లోంచి ఒకటి తీసి చూపించింది.

“పాత కాగితం అంచుల దగ్గర ముందు పచ్చబడుతుంది. మధ్యలో తెల్లగానే ఉంటుంది. ఇరవై ఏడేళ్ళుగా చూస్తున్నా. ఎందుకబ్బా?”

మాస్టారు కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశారు. మేస్త్రి, కాగితానికి కూడా చెమ్మేనేమో అన్నాడు. వదిన, ఎండ అంది. లైబ్రరీలో దాని మీద పుస్తకం లేదు. జిగురమ్మ, పాఠకులు కావాల్సిన పుస్తకాలు రాసే రిజిస్టరు తెచ్చి అందులో రాసింది. ఆమె కంటే ముందు రాసిన మనిషి పదకొండేళ్ళ కిందట రాశాడు.

ఎనిమిది నెలలకు పుస్తకం వచ్చింది. కాగితం పుట్టుక, దాని ఆయుష్షు గురించి ఒకావిడ రాసింది. జిగురమ్మ ఇంటికి తీసుకెళ్ళి ఒక ఆదివారం కిటికీ దగ్గర కూర్చుని చదివింది. నూట పన్నెండో పేజీలో అర పేజీ ఉంది. కాగితంలో మిగిలిపోయే ఆమ్లం, అంటే పులుపు, గాలి, వెలుతురు, ఈ మూడూ కలిసి పని చేస్తాయట. గాలీ వెలుతురూ ముందు తగిలేది అంచులకే కాబట్టి అంచులు ముందు పచ్చబడతాయట. ఆమె దాన్ని మూడుసార్లు చదివింది. ఆ తర్వాత పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని కాసేపు ఊరికే కూర్చుంది. వదిన మిషను మీదనుంచి తలెత్తి, “ఏమైందమ్మాయీ?” అంటే, “తెలిసింది వదినా” అంది.

శనివారం ఆ అర పేజీ ముగ్గురికీ చదివి వినిపించింది. మాస్టారు సరిగానే ఉందన్నారు. వదిన, నేను చెప్పిందే, ఎండ అంది. మేస్త్రి పుస్తకాల దొంతర మీద చెయ్యి వేసి, వేలితో అంచులు తడుముతున్నాడు.

“మరి అలమరాలో అడుగున, చీకట్లో ఉన్నవి పైవాటికంటే ఎక్కువ పచ్చబడ్డాయేంటి? మొన్న నువ్వే చూపించావు. వాటికి వెలుతురెక్కడిది?”

జిగురమ్మ నూట పన్నెండో పేజీ మళ్ళీ తీసింది. తర్వాతి పేజీ చూసింది. అంతకుముందుది చూసింది. ఆ సంగతి ఎక్కడా లేదు.

“ఆవిడ అడ్రసుందా?” అన్నారు మాస్టారు.

ఉంది. రైల్లో తొమ్మిది గంటల దూరం. మేస్త్రి తువ్వాలు భుజాన వేసుకుని, స్టేషనుకు పోయొస్తాను, టిక్కెట్లు ఎన్ని తీయమంటావని అడిగాడు.

“నాలుగు” అంది జిగురమ్మ. “మాస్టారికి కిటికీ పక్కన.”